నీలి కోడిపుంజు

పాఠ్యభాగ ఉద్దేశం

నగర కూడళ్ళలో, ఉద్యానవనాలలో నెలకొల్పే శిల్పాలు కేవలం అలంకారం కోసం ఏర్పడినవి కావు. ఒక సమాజం ఎవరిని గౌరవిస్తున్నదో, దేనిని స్మరించుకొంటున్నదో అవి చాటిచెబుతాయి. లండన్ నగరంలోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 2013లో వెలసిన ఒక కోడిపుంజు శిల్పాన్ని ఆధారంగా తీసుకొని, బహిరంగ కళకూ సమాజానికీ గల సంబంధాన్ని వివరించడం, కావ్యాలలో మనం చదువుకొనే శ్లేష, వ్యాజస్తుతి వంటి అలంకారాలు శిల్పకళలో సైతం ఎట్లా భాసిస్తాయో తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తన కోడీ, తన కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదని నమ్మిన ముసలమ్మను గూర్చిన సామెత తెలుగువారందరూ ఎరిగినదే. కోడి కూసినందువల్ల సూర్యుడు ఉదయించడు. తెల్లవారబోతున్నది కనుకనే కోడి కూస్తుంది. అయినా మెడ నిక్కించి, రొమ్ము విరుచుకొని, గోడ మీదికెక్కి కూసే పుంజును చూస్తే ఆ ఉదయాన్ని అదే తెచ్చిందేమో అనిపిస్తుంది. సంస్కృతంలో కోడిపుంజుకు తామ్రచూడం, చరణాయుధం అనే పేర్లున్నాయి. ఎర్రని సిగ గలది అని మొదటి పేరుకు, కాళ్ళే ఆయుధాలుగా గలది అని రెండవ పేరుకు అర్థం. ఒక పేరు దాని ఠీవిని, మరొక పేరు దాని పోరాట స్వభావాన్ని తెలుపుతున్నాయి. దర్పానికీ శౌర్యానికీ కూడా ప్రతీకగా నిలువగల ఇటువంటి పక్షిని ఒక శిల్పి రాజులూ సేనానులూ కొలువుతీరిన చోట నిలబెడితే ఏమవుతుంది? జర్మనీ దేశపు శిల్పి కథరీనా ఫ్రిట్ష్ చేసిన పని అదే.

ఆ పుంజు నిలిచిన చోటును గూర్చి ముందుగా తెలుసుకోవాలి. 1805 అక్టోబర్ 21వ తేదీన స్పెయిన్ తీరంలోని ట్రఫాల్గర్ అగ్రం సమీపంలో జరిగిన నౌకాయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం ఫ్రెంచి, స్పానిష్ నౌకలను ఓడించింది. ఆ విజయానికి నాయకుడైన అడ్మిరల్ నెల్సన్ ఆ యుద్ధంలోనే మరణించాడు. లండన్ నడిబొడ్డున ఉన్న ట్రఫాల్గర్ స్క్వేర్‌కు ఆ పేరు ఆ విజయం వల్లనే వచ్చింది. చౌకంలో ఎత్తైన స్తంభం మీద నెల్సన్ విగ్రహం ఉన్నది. విగ్రహంతో కలిపి దాని ఎత్తు దాదాపు 52 మీటర్లు. చౌకం నాలుగు మూలలా నాలుగు శిలాపీఠాలున్నాయి. ఈశాన్య మూలలోని పీఠం మీద నాలుగవ జార్జి రాజు గుర్రం మీద కూర్చొని ఉన్నాడు. దక్షిణపు మూలలలో ఇద్దరు సేనానులు నిలిచి ఉన్నారు.

ఆ సేనానులిద్దరూ భారతదేశ చరిత్రతో సంబంధం ఉన్నవారే. ఒకరు సర్ చార్లెస్ జేమ్స్ నేపియర్. 1843లో సింధు ప్రాంతాన్ని జయించి ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోకి తెచ్చినవాడు ఈయనే. రెండవవాడు సర్ హెన్రీ హేవ్‌లాక్. 1857 ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామ కాలంలో కాన్పూరు, లక్నో నగరాల వద్ద భారతీయ వీరులతో పోరాడిన ఆంగ్ల సేనను నడిపి, ఆ సంవత్సరమే లక్నోలో వ్యాధిగ్రస్తుడై మరణించాడు. మన అండమాన్ దీవులలో ఒకదానికి చిరకాలం హేవ్‌లాక్ పేరే ఉండేది. 2018లో భారత ప్రభుత్వం ఆ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చింది. ఒక దేశానికి వీరుడుగా కనిపించినవాడు మరొక దేశానికి అట్లా కనిపించకపోవచ్చు. అంతే కాదు, సొంత దేశంలో సైతం కాలం గడిచేకొద్దీ కీర్తి మాసిపోవచ్చు. 2000లో లండన్ మేయరుగా ఉన్న కెన్ లివింగ్‌స్టన్ ఈ ఇద్దరు సేనానులు ఎవరో తనకు తెలియదనీ, వారి విగ్రహాలను అక్కడి నుండి తొలగించవచ్చుననీ అన్నప్పుడు పెద్ద చర్చ చెలరేగింది. విగ్రహాలు మాత్రం కదలలేదు. ఎత్తైన పీఠం విగ్రహాన్ని నిలుపుతుందే గాని, జ్ఞాపకాన్ని నిలుపజాలదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఇక మిగిలినది వాయవ్య మూలలోని నాలుగవ పీఠం. సర్ చార్లెస్ బ్యారీ అనే వాస్తుశిల్పి 1841లో దీనిని నాలుగవ విలియం రాజు అశ్వారూఢ విగ్రహం కోసం నిర్మించాడు. నిధులు చాలనందువల్ల ఆ విగ్రహం సిద్ధం కాలేదు. పీఠం ఉన్నది, పీఠాన్ని అధిష్ఠించేవాడు లేడు. ఆ విధంగా 150 ఏళ్ళకు పైగా అది బోసిగా ఉండిపోయింది.

1998లో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ అనే సంస్థ పూనుకొని, ఆ పీఠం మీద సమకాలిక శిల్పాలను కొంత కాలం పాటు నిలిపే పద్ధతికి బీజం వేసింది. 1999లో మార్క్ వాలింజర్ అనే కళాకారుడు క్రీస్తు విగ్రహాన్ని అక్కడ నిలిపాడు. అది సామాన్య మానవుని పరిమాణంలో ఉన్నందువల్ల ఆ మహాపీఠం అంచున చాల చిన్నదిగా కనిపించింది. ఆ చిన్నదనమే దాని సందేశం. 2005లో మార్క్ క్విన్ అనే శిల్పి చేతులు లేకుండా జన్మించిన చిత్రకారిణి అలిసన్ లాపర్ గర్భవతిగా ఉన్నప్పటి రూపాన్ని చలువరాతిలో మలచి అక్కడ ఉంచాడు. యుద్ధవీరుల నడుమ ఆ స్త్రీమూర్తిని చూసినవారికి ధైర్యం అనే మాటకు కొత్త అర్థం స్ఫురించింది.

2009లో జరిగినది మరింత విలక్షణం. ఆంటొనీ గోర్మ్‌లీ అనే శిల్పి ఆ పీఠం మీద శిల్పాన్నే ఉంచలేదు. దానికి బదులు ప్రజలను నిలబెట్టాడు. 100 రోజుల పాటు, రాత్రింబవళ్ళు విరామం లేకుండా, ఒక్కొక్కరు ఒక్కొక్క గంట చొప్పున మొత్తం 2,400 మంది ఆ పీఠమెక్కారు. దరఖాస్తు చేసుకొన్న వేలాది మందిలో నుండి వారిని ఎంపిక చేశారు. ఆ గంటసేపు ఏమి చేయాలన్నది వారి ఇష్టానికే వదిలివేశారు. దీనిని ప్రదర్శన కళ అంటారు. ఈ కళలో కళాకారుని దేహమూ, చేష్టా, కాలమూ కళాసామగ్రి అవుతాయి. రాజు కోసం కట్టిన పీఠం ఆ విధంగా సామాన్యులకు రంగస్థలమయింది. ఈ చరిత్రను తెలుసుకొన్న తరువాతనే నీలి కోడిపుంజు అంతరార్థం మనకు బోధపడుతుంది.

కథరీనా ఫ్రిట్ష్ 1956లో జర్మనీలోని ఎస్సెన్ నగరంలో జన్మించారు. డ్యూసెల్‌డార్ఫ్ కళా అకాడమీలో విద్యనభ్యసించారు. ఆమె శిల్పరీతి విశిష్టమైనది. అందరికీ తెలిసిన వస్తువునే తీసుకొంటారు. దాని ఆకృతిలో లోపం లేకుండా మలుస్తారు. ఆ పైన దాని పరిమాణాన్నో, రంగునో మార్చివేస్తారు. అంతటితో పరిచితమైనది అపరిచితమైపోతుంది. 1987లో నిజమైన ఏనుగంత ఏనుగును ముదురు ఆకుపచ్చ రంగులో రూపొందించారు. అదే సంవత్సరం మ్యూన్‌స్టర్ నగరంలో ఒక చర్చికీ ఒక పెద్ద అంగడికీ నడుమ, జనం నడిచే వీధిలో, నిమ్మపండు వంటి పసుపుపచ్చని మేరీమాత ప్రతిమను నిలిపారు. కొందరు బాటసారులు దాని ముందు పూలు ఉంచారు. కొందరు దానిని గాయపరచారు. 1993లో తోకలు ముడివడి వలయాకారంగా నిలిచిన 16 నల్లని ఎలుకలను, మనిషి కంటె ఎత్తుగా, 2.8 మీటర్ల పరిమాణంలో సృష్టించారు. వాటి మధ్య నిలిచిన మానవునికి తానే అల్పప్రాణి అనిపించక మానదు.

ఈ శిల్పి సమర్పించిన కోడిపుంజు నమూనాను నాలుగవ పీఠం కోసం ఎంపిక చేసినట్లు 2011 జనవరిలో ప్రకటించారు. ప్రకటన వెలువడిన తరువాత అభ్యంతరాలు కూడా బయలుదేరాయి. ఆ ప్రాంత వారసత్వ పరిరక్షణకు కృషి చేసే థార్నీ ఐలాండ్ సొసైటీ, చారిత్రక ప్రాధాన్యం గల చౌకంలో ఇటువంటి శిల్పం తగదని వాదించింది. ఆ అభ్యంతరాలను దాటుకొని, 2013 జులై 25వ తేదీన నాటి మేయర్ బోరిస్ జాన్సన్ ఆ శిల్పాన్ని ఆవిష్కరించారు. ఉక్కు చట్రానికి గాజునారతో బలపరచిన పాలియెస్టర్ రెసిన్ తొడిగి చేసిన ఆ పుంజు ఎత్తు 4.72 మీటర్లు. ఈక ఈకనూ స్పష్టంగా తీర్చిదిద్దారు. తురాయి నుండి కాలిగోటి వరకు అంతా ఒకే రంగు. మెరుపు లేని గాఢమైన నీలం. బూడిదరంగు రాతికట్టడాల నడుమ, మబ్బు పట్టిన లండన్ ఆకాశం కింద ఆ నీలం ఎంత దూరం నుండైనా చూపరుల కన్నులను లాగివేసేది.

ఆ రంగు పేరు అల్ట్రామెరైన్. సముద్రానికి ఆవలిది అని ఆ మాటకు అర్థం. పూర్వకాలంలో అఫ్ఘనిస్తాన్ గనులలో లభించే లాజవర్దం అనే నీలిరాతిని నూరి ఈ రంగును తయారు చేసేవారు. సముద్రాలు దాటి ఐరోపాకు చేరేది కనుక ఆ పేరు వచ్చింది. అది ఎంతో ఖరీదైనది కావడంతో చిత్రకారులు మేరీమాత వస్త్రం వంటి పవిత్ర చిత్రణలకు దానిని వాడేవారు. 19వ శతాబ్దిలో దీనిని కృత్రిమంగా తయారు చేసే విధానాన్ని కనుగొన్నారు. ఒకప్పుడు మన ఇళ్ళలో తెల్లబట్టలకు పెట్టిన పొడి నీలిమందు కూడా ఈ జాతిదే. అంటే ఒకనాడు దైవానికి మాత్రమే తగినదని భావించిన రంగు నేడు అందరికీ అందేదయింది. రాజులకు మాత్రమే తగినదని భావించిన పీఠం మీద అటువంటి రంగుతో నిలవడం ఆ పుంజుకు ఎంతో ఉచితంగా ఉన్నది.

ఈ శిల్పం పేరులోనే శ్లేష ఉన్నది. హాన్ అనేది జర్మన్ పదం, కాక్ అనేది ఆంగ్ల పదం. శిల్పి ఆ రెండు పదాలనూ పక్కపక్కనే ఉంచి పేరు పెట్టారు. రెండింటికీ కోడిపుంజు అనే అర్థం. అయితే ఆంగ్ల పదానికి లోకవ్యవహారంలో పురుషత్వాన్ని సూచించే మరొక అర్థం కూడా ఉన్నది. ఆ రెండవ అర్థం తెలిసే ఫ్రిట్ష్ ఆ పేరు పెట్టారు. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో స్తంభమూ, గుర్రమూ, కత్తీ అన్నీ పురుష ప్రతాపాన్నే ప్రకటిస్తాయి. అటువంటి చోట ఒక స్త్రీ పురుషాహంకారానికి ప్రతీకను మలచి అందరి ముందు ఉంచింది. చరిత్రలో పురుష కళాకారులు స్త్రీని చిత్రించడమే పరిపాటి కాగా, ఇక్కడ ఒక స్త్రీ పురుష స్వభావాన్ని చిత్రిస్తున్నదనీ, అందువల్ల ఇది స్త్రీవాద శిల్పమనీ ఆమె స్వయంగా వివరించారు.

ఈ శిల్పంలో వ్యాజస్తుతి కూడా ఉన్నది. స్తుతి వలె కనిపించే నింద, నింద వలె కనిపించే స్తుతి వ్యాజస్తుతి అని ఆలంకారికులు చెబుతారు. పుంజును పీఠమెక్కించడం పైకి దానిని గౌరవించినట్లే కనిపిస్తుంది. కాని చుట్టూ చూస్తే ఆ గౌరవం పరిహాసంగా మారుతుంది. రొమ్ము విరుచుకొన్న పుంజుకూ, రొమ్ము విరుచుకొన్న సేనాధిపతికీ భంగిమలో భేదమెంత అనే ప్రశ్న చూపరి మనస్సులో మెదులుతుంది. శిల్పి ఏ విగ్రహాన్నీ ముట్టుకోలేదు, ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఒక పక్షిని తెచ్చి పక్కన నిలబెట్టారు, అంతే. మంచి కవి వాచ్యం చేయక వ్యంగ్యంగా చెప్పినట్లే మంచి శిల్పి కూడా చెప్పక చెబుతారు.

మరొక చమత్కారం కూడా ఉన్నది. కోడిపుంజు ఫ్రాన్సు దేశానికి అనధికార చిహ్నం. లాటిన్ భాషలో గాల్లుస్ అనే పదానికి కోడిపుంజు అనీ, గాల్ దేశవాసి అనీ రెండర్థాలు ఉండడం దీనికి మూలం. నేటి ఫ్రాన్సుకు ప్రాచీన నామం గాల్. ఫ్రెంచివారిపై సాధించిన విజయానికి స్మారకమైన చౌకంలోనే ఫ్రెంచి చిహ్నం ఠీవిగా నిలవడం చూసి లండన్ వాసులు నవ్వుకొన్నారు. ఇది హాస్యం పుట్టించే ఒక అదనపు ఫలమని శిల్పి అభిప్రాయపడ్డారు. ఎటువంటి విజయోత్సాహమైనా రెండు వందల ఏళ్ళకు నవ్వుతో చూడదగినదవుతుంది. పగ నవ్వుగా పరిణమించడం నాగరికతకు ఒక గుర్తు.

అయితే ఈ శిల్పాన్ని కేవలం వెక్కిరింతగా భావిస్తే దానికి అన్యాయం చేసినట్లే. కోడిపుంజు మేలుకొలుపుకు ప్రతీక. చీకటి ముగియబోతున్నదని ముందుగా ప్రకటించే ప్రాణి. పునరుజ్జీవనం, జాగృతి, శక్తి అనే భావాలు కూడా ఈ శిల్పంలో ఉద్దిష్టమైనవే. గర్వాన్ని ఎత్తిచూపేదీ, నిద్ర లేపేదీ ఒకే పక్షి కావడం ఇక్కడి విశేషం. ప్రతి దినమూ ఆ చౌకం గుండా నడిచే వేలాది మంది, తలయెత్తి చూడని విగ్రహాలను ఈ పుంజు కారణంగా మళ్ళీ చూశారు. ఎవరీ సేనానులు, ఎందుకిక్కడ ఉన్నారు, స్త్రీలెందుకు లేరు అని ప్రశ్నించుకొన్నారు. నిద్రాణమైన ప్రశ్నలను మేల్కొల్పడమే ఆ పుంజు కూత.

కళావస్తువు ఒకటే అయినా దేశకాలాలను బట్టి దాని అర్థం మారుతుంది. 2016లో ఈ నీలి కోడిపుంజు అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ తూర్పు భవనపు మేడ మీద వెలసింది. 2017లో మినియాపోలిస్ నగరపు శిల్పోద్యానంలో ఇటువంటిదే మరొక పుంజు నిలిచింది. పచ్చిక మైదానంలో పిల్లలు దాని చుట్టూ ఆడుకొంటూంటే అది ముచ్చటైన వింతపక్షి. దానికి ఎదురుగా సేనానులు లేరు, కనుక పరిహాసమూ లేదు. కావ్యంలో ఒక పదానికి సందర్భం వల్ల వ్యంగ్యార్థం సిద్ధించినట్లే, శిల్పానికి స్థలం వల్ల అర్థం సిద్ధిస్తుంది. దీనినే మన పెద్దలు ఔచిత్యం అన్నారు. కథరీనా ఫ్రిట్ష్ కళాకృషికి గుర్తింపుగా 2022లో వెనిస్ బినాలే ఉత్సవంలో జీవిత సాఫల్యానికి ఇచ్చే స్వర్ణ సింహ పురస్కారం లభించింది.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని పుంజు ఏడాదిన్నర కాలం అక్కడ ఉండి, 2015 ఆరంభంలో పీఠం దిగిపోయింది. ఆ స్థానంలోకి హాన్స్ హాకే అనే కళాకారుడు రూపొందించిన అశ్వకంకాళం వచ్చింది. దాని తరువాత మరొకటి, ఆ తరువాత ఇంకొకటి వచ్చాయి. మిగిలిన మూడు పీఠాలవారు స్థిరంగా ఉండిపోయినవారు. వారిని తలయెత్తి చూసేవారు అరుదు. నాలుగవ పీఠం మీదివారు తాత్కాలికంగా ఉండి వెళ్ళేవారు. వారిని గూర్చి నగరమంతా మాట్లాడుకొంటుంది. ఎత్తు వేరు, ఔన్నత్యం వేరు. ఎత్తును పీఠం ఇస్తుంది. ఔన్నత్యాన్ని లోకం తన మనస్సులో ఇవ్వాలి. కూత ముగియగానే గోడ దిగి గింజలేరుకొనే కోడి లాగా, తన పని ముగియగానే పీఠం దిగగలిగినదే ఆ నీలి కోడిపుంజు. అధికారమూ గౌరవమూ ఆశించే ప్రతి ఒక్కరూ దాని నుండి నేర్చుకొనవలసినది కొంత ఉన్నది.

కఠిన పదాలు – అర్థాలు

చౌకం : నాలుగు వైపులా భవనాలు గల బహిరంగ స్థలం
అశ్వారూఢ : గుర్రాన్ని ఎక్కిన
అధిష్ఠించు : ఎక్కి కూర్చొను
ఠీవి : దర్జా, గాంభీర్యం
తురాయి : కోడి తలపై ఉండే సిగ
వాచ్యం : నేరుగా మాటలతో చెప్పినది
వ్యంగ్యం : మాటల వెనుక స్ఫురించే భావం
నిద్రాణం : నిద్రిస్తున్నది
కంకాళం : ఎముకల గూడు

వ్యాకరణాంశాలు

విజయోత్సాహం = విజయ + ఉత్సాహం – గుణసంధి
సేనాధిపతి = సేనా + అధిపతి – సవర్ణదీర్ఘ సంధి
శిల్పోద్యానం = శిల్ప + ఉద్యానం – గుణసంధి
దేశకాలాలు = దేశమూ, కాలమూ – ద్వంద్వ సమాసం
పురుషాహంకారం = పురుషుని యొక్క అహంకారం – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నాలుగవ పీఠం చరిత్రను వివరించండి.
2. నీలి కోడిపుంజు శిల్పంలోని శ్లేషను, వ్యాజస్తుతిని సమన్వయించండి.

ఆ. కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. కథరీనా ఫ్రిట్ష్ శిల్పరీతిలోని విశిష్టత ఏమిటి?
2. ప్రదర్శన కళ అంటే ఏమిటి? 2009లో నాలుగవ పీఠం మీద జరిగిన ప్రదర్శనను తెలపండి.
3. స్థలం మారినప్పుడు శిల్పం అర్థం ఎట్లా మారుతుంది?

ఇ. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఆ చిన్నదనమే దాని సందేశం.
2. పగ నవ్వుగా పరిణమించడం నాగరికతకు ఒక గుర్తు.

ఈ. ఆలోచించి రాయండి.
మీ ఊరిలో గాని, మీ కళాశాల సమీపంలో గాని ఉన్న ఒక విగ్రహాన్ని పరిశీలించండి. అది ఎవరిది, ఎందుకు నెలకొల్పారు, దానిని నేడు ఎంతమంది గుర్తిస్తున్నారు అనే విషయాలను పెద్దలను అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.